పాలపళ్ళ భీముడు

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది. అబద్ధం చిన్నదైతే, చెప్పేసి మళ్ళీ దాని జోలికి పోకుండా ఉంటే, పుండు మీద పక్కు లాగా అదే ఎండి రాలిపోతుందని. నేను చెప్పిన అబద్ధం నిజంగానే చిన్నది. "మూడు నెల్ల పిల్ల మావా" అన్నాను, అంతే. దాన్ని ఏడేళ్ళు మోశానని రాయబోయాను గానీ అదీ అబద్ధమే అవుతుంది. నేను మోయలేదు, మా మావ చేత మోయించాను. కోటబొమ్మాళి దగ్గర మావ వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా సరదాకి "ఆయన పెంపకంలో కుక్క కూడా ఎదగనేదు" అంటుంటారు. కుక్క ఎదగకపోవడంలో మావ తప్పు ఆవగింజంత లేదు. ఆ సంగతి మొదటి నుంచీ నాకు తెలుసు. తెలిసీ అందరితో పాటు నవ్వాను. అందుకే ఇది రాస్తున్నాను.

మావ అంటే మా అమ్మకి సొంత తమ్ముడు, మా ఆవిడకి తండ్రి. అందువల్ల ఆయనకి నేను మేనల్లుణ్ణీ, అల్లుణ్ణీ రెండూ. (అల్లుడి మర్యాదలు పండగల్లో, మేనల్లుడి తిట్లు మిగతా రోజుల్లో.) చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయనకి ఒక పేరుంది. ఎద్దు కింది పెదవి బొటనవేలితో వంచి పళ్ళు చూశాడంటే దాని వయసు నెలలతో సహా చెప్పేసేవాడు. పాలపళ్ళు ఎన్ని, ఊడి వచ్చిన వెడల్పు పళ్ళు ఎన్ని, అరిగినవి ఎన్ని, అదంతా ఆయనకి వేళ్ళ మీద లెక్క. పశువుల సంత రోజున ఎడ్లు కొనేవాళ్ళు ఆయన్ని ముందు నడిపించుకుని వెళ్ళేవారు. అమ్మేవాడు "నాలుగేళ్ళది" అంటే మావ పెదవి వదిలేసి, చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, "నాలుగేళ్ళే. నీ పెళ్ళినాటికి" అనేవాడు. ఇక బేరం లేదన్నమాట.

అలాంటి మనిషి, ట్రాక్టర్లు వచ్చి ఊళ్ళో నాగళ్ళు అటకెక్కాక, తన ఆఖరి జతని కూడా అమ్మేశాడు. పశువుల శాల ఖాళీ అయింది. ఎడ్ల మెడ గంటలు రెండూ శాలలో రాటకి కొట్టిన మేకుకి వేలాడుతుండేవి. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ శాల తుడిచేవాడు. "పేడ నేని శాల తుడిసేదేటి, మతి పోనాదా?" అని అత్త అరిచేది. ఆ ఏడాదే ఒకరోజు మావ నాతో, "ఒరే అల్లుడా, ఒక మంచి కుక్కని సూడరా. దూడంత ఉండాల. శాలలో ఒక జీవం నేకపోతే నాకు తిన్నది అరగతన్నేదు" అన్నాడు. 

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. చీపురుపల్లిలో ఒక మోటారు పంపుల షాపులో పని. టై కట్టుకోకపోయినా కట్టుకున్నట్టే మాట్లాడేవాణ్ణి. "నాకొగ్గీ మావా, నే చూసుకుంటాను. విజయనగరంలో నాకు తెలిసినవాళ్ళు బోల్డుమంది. జాతి కుక్క తెచ్చి నీ ముందు నిలబెడతాను" అన్నాను. చెప్పనిదేమిటంటే, నాకు కుక్కలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు సైకిలు మీద వెళ్తుంటే ఒకటి వెంటబడింది. అది ఎప్పుడో ఆగిపోయినా నేను మరో రెండు ఊళ్ళు దాటాక ఆగాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మగాడికి కుక్కంటే భయం అని అత్తారింట్లో ఎలా చెప్తాం?

విజయనగరంలో మొదట వెళ్ళిన ఇంట్లో కుక్క మావ అడిగిన కొలతకి సరిగ్గా సరిపోయింది. దూడంత. గేటు తీయగానే అది నా భుజాల మీద రెండు కాళ్ళూ వేసి నా మొహంలోకి చూసింది. తరువాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. ఆ ఇంటాయన వచ్చేసరికి నేను ఆయన స్కూటరు సీటు మీద నిలబడి ఉన్నాను. "దిగండి, కట్టేశాను" అన్నాడు. "వయసెంతండీ?" అని అక్కడి నుంచే అడిగాను, బేరానికి వచ్చినవాడి హుందాతనం పోకుండా. నా ఎడమ చెప్పు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి అడిగే ధైర్యం లేకపోయింది.

ఒంటి చెప్పుతోనే రెండో ఇంటికి వెళ్ళాను. అక్కడ వరండాలో కుర్చీ కింద నుంచి తెల్లటిది ఒకటి, ఒక చెవి గోధుమ రంగులో, మూతికి నాలుగు వెంట్రుకల గడ్డంతో, బాణంలా వచ్చి నా రెండో చెప్పు పట్టుకుని పారిపోయింది. "ఏయ్!" అంటూ నేను వెంటబడ్డాను. మొక్కల చుట్టూ మూడు సార్లు, బావి చుట్టూ రెండు సార్లు తిరిగాక నాకు తట్టింది, నా జన్మలో మొదటిసారి నేను కుక్కని తరుముతున్నానని. అది ఆగింది. నేనూ ఆగాను. చెప్పు నా ముందు పెట్టి, వెనక భాగం పైకెత్తి, మళ్ళీ పరిగెత్తమన్నట్టు చూసింది. మోకాలెత్తు కూడా లేదు. ఇంతకన్నా భయపెట్టని కుక్క ఈ జిల్లాలో దొరకదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

ఆ ఇంటావిడ భర్తకి దూరం బదిలీ అయింది. కొత్త ఇంట్లో కుక్కని ఉంచనివ్వరట. మంచి చేతుల్లో పెడదామని చూస్తున్నారు. "టెర్రియర్ జాతి బాబూ. నాలుగేళ్ళు నిండాయి. ఇంక ఇంతే, పెరగడు. కానీ ఒక్కచోట కూచోడు. బాగా పరిగెత్తనివ్వండి. పెద్దయ్యాక మాత్రం కీళ్ళు చూసుకోవాలి, మెట్లెక్కించకూడదు" అని ఒక్కొక్కటే చెప్పింది. నేను అన్నిటికీ తలూపాను. నా ధ్యాసంతా పాసింజరు టైము మీద ఉంది. గేటు దగ్గర ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "వీడు పదేళ్ళకే పోయే రకం కాదు, పదిహేను దాకా ఉంటాడు. ఇంకా పదకొండేళ్ళు మీ దగ్గరుంటాడు" అంది. ఆ లెక్క కూడా విన్నాను. విని, బుట్టకి మూత పెట్టాను.

కోటబొమ్మాళిలో దిగి, ఆటోలో ఊరు చేరి, మావ వాళ్ళ అరుగు మీద బుట్ట పెట్టేసరికి జాతి కుక్కని చూద్దామని వీధి వీధంతా చేరింది. మూత తీశాను. లోపలి నుంచి అది గెంతి, అరుగు మీద ఒక చుట్టు, మంచం కింద ఒక చుట్టు తిరిగి, మావ కాళ్ళ ముందు నిలబడింది. ఎదురింటాయన (మావకి వరసకి బావ, చిన్నప్పటి నుంచీ పోటీ) మీసం సవరించుకుని, "ఏటి బావా, కుక్కని తెమ్మంటే పందికొక్కుని అట్టుకొచ్చీసినాడేటి మీ అల్లుడు?" అన్నాడు.

వీధి గొల్లుమంది. మావ నా వంక చూశాడు. కోపంగా కాదు, ఆశగా. ఏదో ఒకటి చెప్పి నన్ను కాపాడరా అన్నట్టు. అప్పుడే ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

"మూడు నెల్ల పిల్ల మావా. ఏడాది తిరిగితే సూడు."

మావ మొహం విచ్చుకుంది. వెంటనే చతికిలబడి, ఎద్దుని చూసినట్టే, కుక్క కింది పెదవి బొటనవేలితో వంచాడు. పది ఊళ్ళ పశువుల వయసు చెప్పిన చెయ్యి అది, దొరికిపోయానే అనుకున్నాను. మావ చాలాసేపు చూశాడు. పై పెదవి కూడా ఎత్తి చూశాడు. లేచి, చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, "ఒక్క వెడల్పు పన్ను నేదు. అన్నీ పాలపళ్ళే. పైగా ఎద్దుకి పైన పళ్ళుండవు, దీనికి పైనా ఉన్నాయి, కిందా ఉన్నాయి. గట్టి జాతి. ఏడాదికి దూడంత అవుతాడు" అన్నాడు.

ఎద్దు లెక్క కుక్కకి వేశాడు. ఆయన జీవితంలో అన్ని పళ్ళూ చూశాడు గానీ కుక్క పళ్ళు చూసే అవసరం ఎప్పుడొచ్చింది? కుక్క ముందుపళ్ళు ఎన్నేళ్ళకైనా చిన్నవేనని నాకూ తెలియదు. కానీ నాలుగేళ్ళని మాత్రం తెలుసు. అప్పుడు నోరు విప్పాల్సింది. ఆయన మాట మీద వీధంతా తలూపుతుంటే, నేనూ ఊపాను. అక్కడికక్కడే దానికి భీముడు అని పేరు పెట్టేశారు. ఎడ్ల గంట ఒకటి మేకు మీద నుంచి తీసి భీముడి మెడ దగ్గర పెట్టి చూశాడు మావ. గంట భీముడి తలకన్నా పెద్దది. "ఎదిగాక కడదాం" అని మళ్ళీ మేకుకి తగిలించాడు.

మర్నాడు పొద్దున్న అరుగు మీద నుంచి మావ కేకలు. "ఒసే రావే! పాపా, నువ్వూ రా! ఈడు షేకండ్ ఇస్తన్నాడు!" (పాప అంటే మా ఆవిడ, అప్పుడు పుట్టింట్లోనే ఉంది.) పరిగెత్తుకెళ్ళి చూస్తే భీముడు కుడి కాలు ఎత్తి మావ చేతిలో పెడుతున్నాడు. "మూడు నెల్ల పిల్లే ఇది! ఏటి తెలివో సూడండి!" అని మావ మురిసిపోతున్నాడు. మా ఆవిడ నన్ను పక్కకి లాగింది. "బావా, మూడు నెల్ల పిల్లకి ఇది ఎవులు నేర్పినారు?" అంది. "నేనే. రైల్లో వస్తూ నేర్పాను" అన్నాను, మావకి కూడా వినపడేలా. "విజయనగరం నుంచి కోటబొమ్మాళి వచ్చీలోగానా?" అంది. "తెలివైన జాతి" అన్నాను. భీముడు అప్పుడే గోడ దగ్గరికి వెళ్ళి ఒక కాలెత్తింది, పెద్ద మగకుక్కలా. మా ఆవిడ దాన్నీ చూసింది, నన్నూ చూసింది. "నాన్నకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమన్నావా?" అంది. "రేపు నేనే చెప్తాను" అన్నాను. మొగుడి పరువు కదా అని ఊరుకుంది పాపం. ఆ రేపు రావడానికి ఏడేళ్ళు పట్టింది.

ఆ ఏడాది భీముడికి జరిగిన పెంపకం ఏ రాజుగారి ఏనుక్కీ జరిగి ఉండదు. పొద్దున్న చోడి అంబలి (అదే, రాగి అంబలి), మధ్యాహ్నం ఉడికించిన ఉలవలు, సాయంత్రం గుడ్డు. ఆ గుడ్డు మావకి డాక్టరు తినమన్న గుడ్డు. ఆదివారం ఆదివారం అత్త దాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పసిపిల్లలకి చేసినట్టు, నువ్వుల నూనెతో కాళ్ళు మర్దనా చేసి కిందికి లాగేది, సాగుతాయని. (భీముడు దానికి బాగా అలవాటు పడ్డాడు. ఆదివారం అత్త నూనె గిన్నె తీయగానే తనే వెళ్ళి వెల్లకిలా పడుకునేవాడు.) నెలకోసారి మావ శాల రాటకి ఆనించి నిలబెట్టి వీపు ఎత్తు దగ్గర సుద్దముక్కతో గీత గీసేవాడు. మొదటి నెల గీత. రెండో నెల దాని మీదే గీత. పన్నెండు నెలలయ్యేసరికి గీతలన్నీ ఒకటై వేలెడంత లావు తెల్లటి పట్టీ అయింది. ఎత్తు పెరగకుండా లావు పెరిగిన గీత అదొక్కటే.

ఉలవల బలమంతా ఏమయిందంటే, పరుగైపోయింది. భీముడు నడవడం నేను చూడలేదు. గడ్డివాము కింద బొరియలు తవ్వి, తల మట్టిలో, తోక గాలిలో, గంటకి ఒక పందికొక్కుని లాక్కొచ్చి మావ కాళ్ళ దగ్గర పెట్టేవాడు. ఆ ఏడు గాదెలో ఒక్క ధాన్యం గింజ పోలేదు. ఎదురింటాయన పెంచుకునే దూడంత కుక్క అరుగు మీద పడుకుని ఆవలిస్తుంటే, దాని కాళ్ళ మధ్య నుంచి దూరి వాళ్ళింటి పందికొక్కుల్ని కూడా మనవాడే పట్టేవాడు. ఎవరూ ఆ సంగతి మెచ్చుకోలేదు. ఊరికి కావలసింది ఎత్తు. "ఏటి బావా, మా మనవడు బడికి ఎల్లిపోతన్నాడు. నీ భీముడు ఎప్పుడు ఎదుగుతాడు?" అని ఎదురింటాయన రోజూ అడిగేవాడు. 

ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను. నవ్వులాటగా తీసుకోలేని సంగతి ఒకటి తర్వాత తెలిసింది. సంతకి మావని పిలవడం తగ్గించారు. ఎవరో ఎద్దుని కొంటూ ఈయన్ని పిలుద్దామంటే, పక్కవాడు "ఆయన సూస్తే అన్నీ పాలపళ్ళేరా" అన్నాడట. ఆ మాట పది ఊళ్ళూ తిరిగింది. సంత రోజున మావ ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎవరూ రాకపోతే పొద్దెక్కాక తువ్వాలు మడిచి లోపల పెట్టేసేవాడు. ఓ సంత రోజు నేను అక్కడే ఉన్నాను. భీముడి వీపు నిమురుతూ, "నాను పెంచిన ఏ జీవమూ గిడసబారనేదురా. ఈడికి ఏటి లోపం సేసినానో నాకు తెలతన్నేదు" అన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. "మావా, టీ తాగుతావా?" అన్న మాటే బయటికొచ్చింది.

ఏళ్ళు గడిచాయి. ఏడో ఏట భీముడు మెల్లబడ్డాడు. పందికొక్కు ఎదురుగా వెళ్తుంటే తల ఎత్తి చూసి మళ్ళీ పడుకునేవాడు. మావకి ఇది మరీ మింగుడు పడలేదు. "ఏడేళ్ళ ఎద్దంటే మంచి దుక్కి వయసు. ఈడు అప్పుడే ముసిలోడి ఏసాలేస్తన్నాడు. బద్దకం!" అని రోజూ మేడ మెట్లు ఎక్కించి దింపేవాడు, ఒళ్ళు వంగాలని. భీముడు ఒక్కో మెట్టు దగ్గర ఆగి, మావ మొహం చూసి, మళ్ళీ ఎక్కేవాడు. మావ చెప్పాడు కాబట్టి ఎక్కేవాడు. మెట్లెక్కించకూడదని విజయనగరం ఆవిడ చెప్పిన మాట నాకు ఆ మెట్లు చూసినప్పుడల్లా గుర్తుకొచ్చేది. అయినా "పోనీలే మావా, ఎండగా ఉంది" అనేవాణ్ణి తప్ప అసలు మాట అనలేదు.

చివరికి ఒకనాడు భీముడు ఏడో మెట్టు మీద కూర్చుండిపోయాడు. కోటబొమ్మాళిలో పశువుల డాక్టరు దగ్గరికి ఇద్దరం తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రాడు. కాళ్ళు వంచి చూసి, నోరు తెరిచి చూసి, "వయసు తాతగారూ. కీళ్ళు అరిగాయి" అన్నాడు. 

"ఏడేళ్ళకేనా?" అన్నాడు మావ.

"ఏడు కాదు. పదకొండైనా ఉంటాయి."

"బాబూ, నీకు ఎన్నేళ్ళు?" అన్నాడు మావ. "నువ్వు పుట్టకముందు నుంచి నాను పళ్ళు సూస్తన్నాను. మూడు నెల్లప్పుడు ఈడి పాలపళ్ళు నా ఏలుతో నానే సూసినాను."

డాక్టరు మర్యాదగానే చెప్పాడు. కుక్కకి పాలపళ్ళు ఆరేడు నెలలకే ఊడిపోతాయని, వచ్చే పళ్ళు కూడా చిన్నవేనని, ఎద్దుకీ దీనికీ పోలిక లేదని. మావ ఇంటికొచ్చి శాల అరుగు మీద కూర్చుని, భీముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని అన్నాడు. "అంటే నా లెక్క తప్పురా. ఇదే తప్పైతే, ఇన్నాళ్ళూ సంతలో ఎంతమందికి తప్పు సెప్పినానో. ఎంతమంది నా మాట నమ్మి ముసిలి ఎడ్లు కొనీసినారో. ఆల్లు నవ్వినారంటే నవ్వరేటి మరి."

నలభై ఏళ్ళుగా పది ఊళ్ళూ నమ్మిన మాట ఆయనది. ఒక మనిషి తన బతుకంతా వెనక్కి తిరిగి ఒక్కొక్క ఎద్దునీ అనుమానించడం మొదలెట్టాడు, నా మూడు మాటల వల్ల. ఇక టీ అడగలేకపోయాను. ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. స్కూటరు సీటు, ఒంటి చెప్పు, గేటు దగ్గర ఆవిడ, నాలుగేళ్ళు, ఇంక పెరగడని చెప్పడం, అన్నీ. "నీ ఎడ్ల లెక్క ఏనాడూ తప్పలేదు మావా. నేను చెప్పింది తప్పు. నాకు కుక్కలంటే భయం. అది చెప్పడానికి సిగ్గేసి నీ పరువు తీశాను. నన్ను క్షమించు" అన్నాను. ఏడ్చానని మా ఆవిడ అంటుంది. ఎండలో కూర్చున్నాను, చెమట కావచ్చు. (ఇదీ అబద్ధమే. ఏడ్చాను.)

మావ తిడతాడనుకున్నాను. ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్క వేస్తున్నాడు. 

"నాలుగూ ఏడూ పదకొండు," అన్నాడు. "ఆ యమ్మ ఎంతకాలం బతుకుతాడంది?"

"పదిహేను దాకా అంది మావా."

"ఇంకా ఎనిమిదేళ్ళున్నాయి అనుకున్నాను. నాలుగేనన్నమాట." భీముడి వీపు నిమిరాడు. "నా పరువుదేటుందిరా, ఎద్దుల్లాగే అదీ ఎల్లిపోనాది. ముసిలోడ్ని పట్టుకుని బద్దకం, బద్దకం అని మెట్లెక్కించినాను. ఆడు పాపం నొప్పని సెప్పుకోనేక, నా మొకం సూసి ఎక్కినాడు. నాకెందుకురా సెప్తావు? ఆడికి సెప్పు."

"ఎవరికి?"

"నీకు వినపడతన్నేదా? ఆడికి సెప్పు."

అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది, మా ఆవిడ వెనకాల. ముప్పై నాలుగేళ్ళ వాణ్ణి, అప్పటికి షాపులో మేనేజర్ని, మోకాళ్ళ మీద ముందుకి జరిగాను. ఏడేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నాను గానీ భీముడి తల మీద చెయ్యి వేసింది ఎన్నడూ లేదు. వేశాను. గోధుమ రంగు చెవి తెల్లబడింది, గడ్డం ఎప్పుడో తెల్లబడింది. "తప్పయిపోయింది భీముడూ. నీ నాలుగేళ్ళు నేనే తీసేశాను. నన్ను క్షమించు" అన్నాను.

భీముడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నొప్పున్న కుడి కాలు మెల్లిగా ఎత్తి నా అరచేతిలో పెట్టాడు.

మావ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది. "పోన్లేరా," అన్నాడు. "ఆ షేకండ్ ఒక్కటైనా నువ్వు నేర్పిందే కదా, రైల్లో."

మా ఆవిడ తలుపు వెనక దగ్గింది. నేను ఆ కాలు వదలకుండానే తల వంచుకున్నాను.

"నేదు మావా. అదీ నేను కాదు. దానికి కూడా క్షమించు."